పత్తికాయలోని గులాబిరంగు పురుగు: దాని తల్లిని గుర్తుపట్టుట ఎట్లు?



పైరును తిను పురుగును చూడని రైతు లేడు. కాని ఆ పురుగును కన్న తల్లిపురుగును చూచి, ఇది ఫలానిది అని పేరు చెప్పగల రైతులు మిక్కిలి తక్కువ. ఆకును తిను పురుగుల విషయమున ఈ లోపము వలన అంత ప్రమాదము లేదు. ఆకుపై పురుగు కంటికి కనబడును, చేతికి దొరకును, చల్లిన మందు దానిపై పడును. పత్తికాయలో దూరు గులాబిరంగు పురుగు సంగతి అట్లు గాదు. అది గ్రుడ్డునుండి వెలువడిన కొలది సేపటిలోనే కాయలోనికి పోవును. దూరిన రంధ్రము పూడిపోవును. కాయ పైకి పచ్చగా నిండుగా నిర్దోషముగా కనబడును. కాయ పగిలిననాడు గాని లోపల దొంగ యున్న సంగతి రైతునకు తెలియదు. తెలిసిననాడు చేయగలది ఏమియు నుండదు. కావున ఈ పురుగు రాకను ముందు కనిపెట్టదలచినవారు దాని తల్లిని గుర్తుపట్ట నేర్వవలెను. ఈ పాఠము అందుకొఱకే వ్రాయుచున్నాము.

నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతములు పూర్వము కృష్ణాజిల్లా మెట్టసీమ యనబడినవి. 2022 ఏప్రిల్ నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినవి. మునేరు, పాలేరు పరిసరముల నల్లరేగడి భూములలో మిరపయు పత్తియు మన సంఘ సభ్యులకు ముఖ్యమైన పైరులు. సంఘములో తీసిన అప్పు తీరవలెనన్నను, పిల్లవాని చదువునకు రొక్కము కావలెనన్నను పత్తి తీతపై ఆధారపడు కుటుంబములు పెక్కులు. ఆ తీతలలో రెండవదియు మూడవదియు ఈ చిన్న పురుగు చేతిలో నున్నవి.

పేరును, పూర్వ చరిత్రయును

ఈ పురుగునకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు పెక్టినోఫోరా గాసిపియెల్లా. గాసిపియం అనగా పత్తి. పెక్టినోఫోరా అనగా దువ్వెనను ధరించినది. ఆ పేరు ఏల వచ్చినదో ముందు చెప్పెదము. దీనిని మొట్టమొదట వర్ణించి పేరు పెట్టినవాడు సాండర్సు అను ఆంగ్లేయుడు. 1843లో మన దేశపు భరూచి పత్తి చేలనుండి పంపిన పురుగులను చూచి ఆయన ఆ పని చేసెను. కావున ఇది మనకు క్రొత్తగా విదేశమునుండి వచ్చినది కాదు. మన దేశమునుండియే ఇతర దేశములకు పోయినది. 1906, 1907 ప్రాంతములలో మన పత్తిగింజలతోపాటు ఐగుప్తు (ఈజిప్టు) దేశమునకును, అచ్చటి గింజలతో 1911లో మెక్సికోకును, 1917 నాటికి అమెరికాలోని టెక్సాసుకును చేరెను. గింజలో దాగి ఓడలెక్కి సముద్రములు దాటిన పురుగు, ఇంటి పెరటిలో వేసిన కట్టె మోపునుండి ప్రక్క చేనికి పోలేదా? ఈ ప్రశ్నను మనస్సున ఉంచుకొనుడు. చివర దీనికి మఱల వత్తుము.

తల్లిపురుగు గుర్తులు

తల్లిపురుగు అనగా రెక్కలపురుగు. ఇది పగలు కనబడదు. రాలిన ఆకులక్రిందను, నేల బీటలలోను దాగియుండి, చీకటి పడిన తరువాత బయలుదేరును. దీనిని ఈ గుర్తులచే తెలిసికొనవలెను.

మొదటిది పరిమాణము. రెక్కలు ముడుచుకొని కూర్చున్నప్పుడు పొడవు 8 లేక 9 మిల్లీమీటర్లు. అనగా ఒక వడ్లగింజ పొడవు. రెక్కలు విప్పినచో ఈ కొననుండి ఆ కొనకు 15 మొదలు 20 మిల్లీమీటర్లు. మన చేలలో దీపమునకు వచ్చు లావుపాటి పురుగులతో పోల్చిన ఇది చాల చిన్నది. అందుచేతనే రైతులు దీనిని దోమజాతి యనుకొని లెక్కచేయకుందురు.

రెండవది ముందు రెక్కల రంగు. బూడిద కలసిన ముదురు గోధుమరంగు. దానిపై నల్లని మచ్చలును, స్పష్టముగా తీర్చిదిద్దని నల్లని అడ్డపట్టెలును ఉండును. రెక్క సన్నమై కొనవైపు మొనదేలియుండును. గీత గీచినట్లున్న తెల్లని చారలుగాని, పచ్చని పట్టెగాని ఈ పురుగునకు లేవు.

మూడవది వెనుక రెక్క. ఇది ముందు రెక్క కంటె వెడల్పు. వెండివలె తళుకు గల బూడిదరంగు. మచ్చలుండవు. అంచున పొడవైన మెత్తని వెండ్రుకలు చీర కుచ్చువలె వ్రేలాడును.

నాలుగవది ముఖము. తలకు ముందు రెండు సన్నని కొమ్ములవంటి అవయవములు పైకి వంగియుండును. ఇవి మీసములు కావు. మీసములు వేఱుగా పొడవుగా నుండును. ఆ మీసముల మొదట కొన్ని బిరుసు వెండ్రుకలు దువ్వెన పండ్లవలె నిలిచియుండును. దువ్వెనను ధరించినది అను పేరు వీనినిబట్టియే వచ్చినది. వీనిని చూచుటకు భూతద్దము కావలెను. చౌకలో దొరకు చిన్న అద్దము చాలును. సంఘములో ఒకటి ఉంచుకొన్న సభ్యులందఱికిని పనికివచ్చును.

ఈ నాలుగు గుర్తులలో పరిమాణమును, మచ్చలు గల ముదురు రంగును, కుచ్చు గల వెండిరంగు వెనుక రెక్కయు అద్దము లేకున్నను తెలియును. మూడును కలిసిననే గులాబిపురుగు తల్లి యని నిశ్చయింపవలెను. ఒక్క గుర్తు చూచి తొందరపడరాదు. తొందరపడిన ఏమగునో మా అనుభవమే సాక్ష్యము.

మా పొరబాటు

కొన్ని సంవత్సరముల క్రిందట మునేటి ఒడ్డున ఒక గ్రామములో ఒక రైతు చేనిలో లింగాకర్షక బుట్టలు కట్టించితిమి. ఆడపురుగు వాసనవంటి వాసన గల చిన్న రబ్బరు ఎఱను బుట్టలో ఉంచినయెడల మగపురుగులు దానిని వెదకుకొనుచు వచ్చి సంచిలో పడును. ఒక బుట్ట చేని గట్టున, పశువుల కొట్టమునకు దగ్గరగా కట్టబడెను. మూడు రోజులు వరుసగా ఆ బుట్టలో పదేసి చిన్న రెక్కలపురుగులు పడినవి. మేము సంచిని పైనుండి చూచి లెక్కపెట్టితిమే గాని ఒక్క పురుగునైనను చేతిలోనికి తీసికొని పరీక్షింపలేదు. గులాబిపురుగు వచ్చినదని చెప్పి మందు కొట్టుమంటిమి. రైతు అప్పుచేసి మందు తెచ్చి రెండుసార్లు కొట్టెను.

పదిదినముల తరువాత పోయి ఇరువది కాయలు కోసి చూచితిమి. ఒక్కదానిలోను పురుగు లేదు. మందు పనిచేసినదని మేము సంతోషించుచుండగా ఆ పెద్దరైతు, "అయ్యా, నా కాయలలో పురుగు లేదు సరే. మందు కొట్టని మా తమ్ముని చేనిలోను లేదు. మఱి మందు దేనిని చంపినట్లు?" అని అడిగెను. అప్పుడు బుట్టలోని పురుగులను అద్దముతో చూచితిమి. అవి గడ్డిరంగున ఉన్నవి. నల్లని మచ్చలు లేవు. కొట్టములో పాత మొక్కజొన్న కండెలు గుట్టగా పోయబడియుండెను. ఆ కండెలలో పుట్టిన వడ్లచిలుకలే మా బుట్టలో పడినవి.

ఇది ఎట్లు జరిగెను? గులాబిపురుగు ఆడదాని వాసనలో రెండు పదార్థములు సరిసమానముగా కలసియుండునని శాస్త్రజ్ఞులు 1973లో కనుగొనిరి. దానికి గాసిప్లూర్ అని పేరు. ఆ రెండింటిలో ఒకటి వడ్లచిలుక ఆడదాని వాసన కూడ. రెండును ఒకే కుటుంబమునకు చెందిన పురుగులు. కావున ధాన్యపు కొట్టునకు చేరువనున్న బుట్టలోనికి వడ్లచిలుక మగవి దారితప్పి వచ్చుట గలదు. మేము ఆ సంగతి నేర్చుకొనుటకు ఆ రైతు మందుల ఖర్చు పెట్టవలసివచ్చెను. అంతటితో పోలేదు. అవసరము లేని మందు వలన చేనిలోని సాలెపురుగులు, అక్షింతల పురుగులు చచ్చి, తరువాత తెల్లదోమ పెచ్చుపెరిగెను. ఆ ఋణము మేము ఈ పాఠముతో కొంతయైన తీర్చుకొనగోరుచున్నాము.

వడ్లచిలుకకును గులాబిపురుగు తల్లికిని భేదము ఇది. వడ్లచిలుక ఎండుగడ్డి రంగున, తళుకుగా, ఇంచుమించు మచ్చలు లేక ఉండును. గులాబిపురుగు తల్లి ముదురు గోధుమరంగున నల్లమచ్చలతో నుండును. వెనుక రెక్క కుచ్చు రెండింటికిని గలదు గనుక దానిని మాత్రమే నమ్మరాదు. బుట్టలో కొట్టుకొనిన పురుగునకు పొడి రాలి రంగు మాయును. అందుచేత తెల్లవాఱగనే, పురుగు క్రొత్తగా నుండగనే చూడవలెను. బుట్టలను ఇండ్లకును కొట్టములకును దూరముగా చేని నడుమ కట్టవలెను.

తక్కిన తల్లిపురుగులతో పోలిక

పత్తి చేనిలో మఱి మూడు విధముల కాయతొలుచు, ఆకుతిను పురుగుల తల్లులు తిరుగుచుండును. వీనిని గులాబిపురుగు తల్లితో కలగలుపరాదు.

శనగపచ్చ పురుగు తల్లి లావుగా, పసుపు కలసిన గోధుమరంగున ఉండును. రెక్కలు విప్పిన 35 మొదలు 40 మిల్లీమీటర్లు. అనగా గులాబిపురుగు తల్లికి ఇంచుమించు రెండింతలు. ముందు రెక్క నడుమ ఒక నల్లమచ్చ ఉండును. వెనుక రెక్క పాలిపోయి అంచున నల్లని వెడల్పు పట్టె గలదై యుండును. దీని పిల్ల కాయలోనికి తల దూర్చి సగము శరీరము బయట ఉంచి తినును. రంధ్రము పెద్దది, రెట్ట బయట కనబడును.

మచ్చల పురుగు తల్లి చిన్నదే గాని ముందు రెక్క తెల్లగా నుండి నడుమ మేకు ఆకారమున పచ్చని పట్టె యుండును. ఇందులోనే మఱియొక జాతికి ముందు రెక్క అంతయు పచ్చగా నుండును. ఏ విధముగానైనను పచ్చరంగు కనబడినచో అది గులాబిపురుగు తల్లి కాదు. దీని పిల్ల లేతకొమ్మ చివళ్ళను తొలుచును గనుక చివళ్ళు వాడి వ్రేలాడును.

పొగాకు లద్దెపురుగు తల్లి కూడ పెద్దది. ముందు రెక్కపై తెల్లని వంకరచారలు అల్లుకొనియుండును. వెనుక రెక్క తెల్లన. ఇది గ్రుడ్లను ఆకుపై గుంపుగా పెట్టి నూగుతో కప్పును. పిల్లలు గుంపుగా ఆకును గీకి జల్లెడవలె చేయును.

గ్రుడ్డు మొదలు తల్లి వఱకు

తల్లి గులాబిపురుగు తన జీవితమున నూటికి పైగా గ్రుడ్లు పెట్టును. గ్రుడ్డు గసగస గింజలో సగమంత. తెల్లగా ముత్యపు తళుకుతో, చదునుగా నుండును. మొదట మొగ్గలపైనను లేతభాగములపైనను, కాయలు వచ్చిన తరువాత ముఖ్యముగా కాయ మొదటనున్న ఆకుల చాటునను పెట్టును. నాలుగైదు దినములలో గ్రుడ్డు పగిలి పిల్ల వెలువడును. అప్పుడది తెల్లగా నుండి తల మాత్రము గోధుమరంగున నుండును. ఈ వయస్సున చూచినవారు ఇది గులాబిపురుగు కాదని మోసపోవుదురు. పెరిగినకొలది వీపుపై గులాబిరంగు అడ్డపట్టెలు తేలును. పూర్తిగా పెరిగినప్పుడు 11 మొదలు 13 మిల్లీమీటర్లుండును. సుమారు రెండువారములు తిని, కాయకు ఆవగింజ పట్టునంత గుండ్రని రంధ్రము చేసికొని బయటకు వచ్చి, నేలపై చెత్తలోనో బీటలోనో కోశము పట్టును. వారము పదిదినములలో మఱల తల్లిపురుగై లేచును. వెచ్చని దినములలో ఈ చక్రము సుమారు ఒక నెలలో తిరుగును.

ఒక చిన్న లెక్క వేయుదము. ఒక తల్లి నూఱు గ్రుడ్లు పెట్టెననుకొనుడు. అందులో ఎనుబది నశించి ఇరువది మాత్రమే బ్రదికెననుకొనుడు. వానిలో సగము, పది, ఆడవి. పది తల్లులు మఱునెలకు నూఱు తల్లులను, ఆ పైనెలకు వేయి తల్లులను ఇచ్చును. పుబ్బ కార్తెలో చేనిలో తిరిగిన ఒక్క తల్లి విశాఖ కార్తె దాటునప్పటికి వేయి తల్లులగుట ఇట్లు. మొదటి తల్లిని గుర్తించుటకును వేయవ తల్లిని గుర్తించుటకును గల తేడా ఇదియే.

చలికాలమున కొన్ని పురుగులు తిని బలిసియు కోశము పట్టవు. రెండు గింజలను పట్టుదారముతో అంటగట్టి, నడుమ దూరి నెలల తరబడి నిద్రించును. వీనినే జంటగింజలందురు. ఎండుకాయలోను, గింజల రాశిలోను, జిన్నింగు మిల్లు చెత్తలోను ఇట్లు నిద్రించిన పురుగు తొలకరి వానలకు తల్లియై లేచి క్రొత్త పైరుమీద పడును.

పూవులోను కాయలోను చూడవలసిన గుర్తులు

తల్లిపురుగు రాత్రిపూట తిరుగును గనుక పగలు దాని పనిని పూవులో చూడవచ్చును. పురుగు మొగ్గలో దూరిన పూవు విచ్చుకొనదు. రేకులు దారముతో కుట్టినట్లు మడతపడి గులాబీపూవు మొగ్గవలె నిలిచిపోవును. రైతులు దీనిని గుడ్డిపూవు అందురు. ఉదయమున చేనికి అడ్డముగా నడచుచు నూఱు పూవులు లెక్కించి, అందులో గుడ్డిపూవులు ఎన్నియో చూడవలెను. కనబడిన ప్రతి గుడ్డిపూవును కోసి సంచిలో వేసి కాల్చివేయవలెను. గట్టుపై పాఱవేసినచో కోసిన శ్రమ వృథా. పురుగు అక్కడనే కోశము పట్టును.

కాయలు వచ్చిన తరువాత, పండ్రెండు మొదలు ఇరువది దినముల వయస్సుగల లేతకాయలను ఎకరమునకు ఇరువది చొప్పున అక్కడక్కడ కోసి కత్తితో చీల్చి చూడవలెను. కాయ తొక్క లోపలివైపు చిన్న బుడిపెలున్నయెడల పురుగు దూరినదని అర్థము. ఒక గదినుండి మఱియొక గదికి గోడలో రంధ్రములుండుట ఈ పురుగు ప్రత్యేక లక్షణము. కాయ బయట ఉన్న రంధ్రము పురుగు వచ్చినదానికి గుర్తు కాదు, పోయినదానికి గుర్తు. బయటి రంధ్రములను లెక్కపెట్టి మందు కొట్టువారు దొంగ పోయిన తరువాత తలుపు వేయువారు.

పురుగు తిన్న కాయ సరిగా విచ్చదు. దూది మచ్చపడి, పోగు తెగి, గింజ డొల్లయగును. తూకమును తగ్గును, ధరయు తగ్గును.

బుట్టలు, వాని లెక్క

కనిపెట్టుటకు ఎకరమునకు రెండు బుట్టలు చాలును. పైరు చివరికి ఒక అడుగు ఎత్తున కట్టి, పైరు పెరిగినకొలది పైకి జరుపవలెను. ఎఱను పొగాకు, మందు అంటిన చేతులతో తాకరాదు. శనగపచ్చ పురుగు ఎఱ వేఱు, పొగాకు లద్దెపురుగు ఎఱ వేఱు. రెండు ఎఱలను ఒక బుట్టలో ఉంచరాదు. ఎఱ బలము తగ్గక మునుపే, సుమారు నెలకొకసారి మార్చవలెను.

చర్య తీసికొనవలసిన హద్దులు మూడు. ఒక్కొక్క బుట్టలో రాత్రికి 8 మగపురుగుల చొప్పున వరుసగా 3 రాత్రులు పడుట. నూఱు పూవులలో 10 గుడ్డిపూవులు కనబడుట. కోసిన 20 కాయలలో 2 కాయలలో బ్రదికియున్న పురుగులుండుట. వీనిలో ఏ ఒక్కటి కనబడినను జాగు చేయరాదు. అయితే బుట్ట మగవానిని మాత్రమే పట్టును. గ్రుడ్లు పెట్టునది ఆడది. కావున బుట్ట కాపలాదారే గాని కాపు కాదు. బుట్ట హెచ్చరించిన వెంటనే పూవును కాయను కోసి నిజము తేల్చుకొనవలెను. మేము చేయని పని ఇదియే.

గ్రుడ్ల దశలో వేపగింజల కషాయము, నూఱు లీటర్ల నీటికి 5 కిలోల గింజల పొడి చొప్పున, మంచిది. అంతకు మించిన మందు ఏది, ఎంత అను సంగతిని జగ్గయ్యపేట మండలము గరికపాడులోని కృషి విజ్ఞాన కేంద్రమువారినిగాని, మండల వ్యవసాయాధికారినిగాని అడిగి, వ్రాయించుకొని, అంతే వాడవలెను. పైరు తొలిదినములలో ఘాటైన మందులు వాడిన తెల్లదోమ పెరుగును.

బి.టి. విత్తనము ఉండగా ఈ శ్రమ ఏల?

ఈ ప్రశ్న ప్రతి గ్రామమునను అడుగుదురు. 2002లో మన దేశమున బి.టి. పత్తికి అనుమతి వచ్చెను. 2006లో రెండు విషపదార్థములు గల రకము వచ్చెను. కొంతకాలము గులాబిపురుగు దాదాపు కనుమఱుగయ్యెను. కాని ఏ విషమునకైనను తట్టుకొను పురుగులు వేలలో ఒకటి రెండుండును. తక్కినవి చచ్చి అవియే మిగిలి వానిలో అవి జతకట్టినచో సంతతి అంతయు తట్టుకొనునదే యగును. దానిని తప్పించుటకై చేని చుట్టును బి.టి. కాని పత్తి వేయుమని విత్తన సంచితో వేఱుగా చిన్న పొట్లమిచ్చెడివారు. మామూలు చెట్లపై పెరిగిన పురుగులు ఆ కొద్ది మొండి పురుగులతో జతకట్టి వాని బలమును పలుచన చేయుననియే ఆ ఏర్పాటు. పెక్కుమంది ఆ పొట్లమును గట్టున పాఱవేసిరి. పైగా నీటి వసతి గలచోట పత్తిని మాఘ ఫాల్గుణముల వఱకు ఉంచి పురుగునకు ఎడతెగని మేత చూపిరి. 2010లో గుజరాతులో మొదటి రకమును పురుగు జయించినట్లు నిశ్చయమయ్యెను. 2014, 2015 నాటికి రెండవ రకముపైనను అక్కడ పురుగు కనబడెను. 2017 నాటికి మధ్య, దక్షిణ రాష్ట్రముల చేలలో ఇది సామాన్యమయ్యెను. బి.టి. పత్తి నేటికిని శనగపచ్చ పురుగు విషయమున మేలు చేయుచున్నది. గులాబిపురుగునకు మాత్రము విత్తనమును నమ్మి నిద్రించుట తగదు.

ఒక చేని పని కాదు, ఊరి పని

తల్లిపురుగునకు గట్టు తెలియదు, సర్వే నంబరు తెలియదు. ఇరువదిమంది రైతులు శ్రద్ధగా నుండి, ఒక్కరు పత్తిని ఉగాది వఱకు ఉంచినయెడల, ఆ ఒక్క చేనిలో పుట్టిన తల్లులు ఇరువది చేలకును చాలును. ఈ సంగతి మన పూర్వులకు తెలియును. చెన్నపట్టణ రాజధానిలో 1919లో పంటల చీడపీడల చట్టమొకటి చేయబడెను. దాని క్రింద కోయంబత్తూరు మొదలగు జిల్లాలలో కంబోడియా పత్తి చెట్లను నిర్ణయించిన తేదీలోపల పెఱికివేయవలెనని ఉత్తరువు లుండెడివి. అమెరికాలో ఈ పురుగు 1917లో కనబడినది మొదలు ఒకే తేదీకి కట్టె నాశనము చేయుట, తల్లిపురుగులను ఎఱలతో తికమకపెట్టుట, సంతానము కలుగని మగపురుగులను పెంచి వదలుట, బి.టి. విత్తనము, ఈ పనులనన్నిటిని రైతులందఱును కలసి చేసిరి. నూఱు సంవత్సరముల తరువాత, 2018 అక్టోబరులో, తమ పత్తి చేలలో ఈ పురుగు లేదని ఆ దేశపు వ్యవసాయశాఖ ప్రకటించెను. మన ప్రాంతమున అంత పని నేడు సాధ్యము కాకపోవచ్చును. కాని దానికి మూలమైన మొదటి మెట్టు, అందఱును ఒకే తేదీకి పైరు ముగించుట, ఏ ప్రభుత్వపు సొమ్మును లేకుండనే సహకార సంఘము చేయగలదు.

మా సూచన ఇది. మృగశిర, ఆర్ద్ర కార్తెలలో అదను చూచి ఊరంతయు దగ్గరదగ్గర దినములలో విత్తనము వేయవలెను. స్వల్పకాలిక రకములను కోరుకొనవలెను. సంక్రాంతి నాటికి చేను ఖాళీ కావలెను. సాగరు ఎడమ కాలువ నీరు ఇంకను వచ్చుచున్నదని పత్తికి మఱల నీరు పెట్టుట కంటె, ఆ నీటితో మొక్కజొన్నగాని అపరాలుగాని వేసికొనుట లాభము. చివరి తీత తరువాత, మందు కొట్టి చాలదినములైన చేనిలో, మేకలను గొఱ్ఱెలను తోలినయెడల అవి మిగిలిన కాయలను తినివేయును. వేసవిలో లోతుగా దున్నిన నేలలోని కోశములు ఎండకును కొంగలకును బలియగును. గట్లపై తుత్తురుబెండను, విడిచిపెట్టిన బెండ మొక్కలను పెఱికివేయవలెను. పురుగు వానిపైనను బ్రతుకగలదు.

ఇక కట్టె సంగతి. మెట్ట గ్రామములలో పత్తికట్టెను వంటచెఱకుగా పెరటిలో పేర్చుకొనుట వాడుక. ఆ మోపులలో అంటియున్న ప్రతి ఎండుకాయయు ఒక పురుగు ఇల్లు. యంత్రముతో ముక్కలు చేయించి చేనిలో కలియదున్నుట ఉత్తమము. భూమికి బలమును కలుగును. వంటకు కావలసినవారు కట్టెను ఇంటికి తెచ్చుటకు ముందే ఎండుకాయలను రాల్చి కాల్చివేయవలెను. కట్టెను తొలకరికి ముందుగనే వాడివేయవలెను. భోగినాడు పిల్లలు మంటకొఱకు ఏదో ఒకటి వెదకుచునేయుందురు. ఆ ఎండుకాయల గంపలు వారికిండు.

సంఘ సభ్యులకు మనవి

వచ్చు మహాజన సభలో మూడు తీర్మానములు చేయుడని కోరుచున్నాము. ఒకటి, గ్రామమంతటికి పైరు ముగింపు తేదీ ఒకటి నిర్ణయించుట. రెండు, సంఘ ఖర్చుపై బుట్టలు, ఎఱలు, ఒక భూతద్దము కొని, చదువుకొన్న యువకులిద్దఱికి లెక్కపని అప్పగించి, వారమునకొకసారి లెక్కను సంఘ కార్యాలయపు పలకపై వ్రాయించుట. మూడు, పత్తి తీయు స్త్రీలకు గుడ్డిపూవును, జంటగింజను చూపి నేర్పుట. చేనిలో ప్రతి చెట్టును చేతితో తాకువారు వారే. వారి కన్ను మనకంటె ముందు చూడగలదు.

పాఠమును మఱవకుండుటకు గుర్తులను మఱల చెప్పుచున్నాము. వడ్లగింజ పొడవు, ముదురు గోధుమరంగు, నల్లమచ్చలు, వెండిరంగు వెనుక రెక్క, దానికి కుచ్చు. గడ్డిరంగున నున్నది వడ్లచిలుక. పచ్చపట్టె గలది మచ్చల పురుగు తల్లి. రెండింతలున్నది వేఱు జాతి. సందేహము కలిగినచో పురుగును చిన్న సీసాలో వేసి సంఘ కార్యాలయమునకు తీసికొనిరండు. మందుల అంగడికి పోవుటకు ముందు ఆ సీసా తెచ్చుట మఱవకుడు. ఒకనాడు మేము పురుగును చూడక సంచిని చూచి చెప్పితిమి. ఇప్పుడు పురుగును చూచియే చెప్పెదము.